లాన్ తీసేసి నీళ్ళు తక్కువ తాగే మొక్కలు పెట్టేవాళ్ళకి

అందరికీ నమస్కారం. హైదరాబాద్ ఎండల్లో 100 చదరపు మీటర్ల లాన్ పచ్చగా ఉండాలంటే మే నెలలో రోజుకి దాదాపు 500 లీటర్లు పోయాలి. తీసేయాలనుకునేవాళ్ళు ఏప్రిల్‌లోనే పని మొదలుపెట్టండి, నాటడం మాత్రం తొలకరి పడ్డాకే.

గడ్డిని నేలకంటా కోసి, బాగా తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు పరిచి అంచులు మట్టితో కప్పండి. 6 వారాలు కదపొద్దు. నల్ల షీటు కన్నా ఇదే నేలని ఎక్కువ వేడెక్కిస్తుంది. అయినా తుంగ మాత్రం చావదండీ, దాని గడ్డలు లోతున ఉంటాయి. అడుగు లోతు తవ్వి ఒక్కొక్కటీ ఏరాల్సిందే. ఇక్కడ బద్ధకిస్తే ఆగస్టుకల్లా మొక్కల మధ్య మళ్ళీ తుంగే.

తంగేడు 4 అడుగులకొకటి పెట్టండి. దానిది లోతుకు దిగే తల్లివేరు, పెద్ద మొక్క తెచ్చి నాటితే సాధారణంగా నిలవదు. జానెడు మొక్కే కొనండి. మధ్యలో బిళ్ళగన్నేరు, కలబంద. గన్నేరు ఆకూ పువ్వూ అన్నీ విషమే, పిల్లలు ఆడేచోట వద్దు. నల్లరేగడి అయితే అడుగు ఎత్తు కట్ట పోసి దాని మీద నాటండి, లేకపోతే వానాకాలంలో వేరు కుళ్ళుతుంది.

పైన 3 అంగుళాల ఎండాకు పరిచి, కాండం చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి.

పాత స్ప్రింక్లర్ మూసేయండి. మొక్కకి గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పర్లు రెండు చాలు. మొదటి వేసవి మాత్రం వారానికి రెండుసార్లు గంటసేపు తప్పనిసరి. ఎక్కువ మొక్కలు పోయేది అప్పుడే.