లారీ నంబరు కనపడింది రా మావా!

ఒరేయ్ మావా,

ఇన్నాళ్లూ ఉత్తరం రాయనందుకు ఏమీ అనుకోకు, మిర్చి సీజన్ సంగతి నీకు తెలుసు. ఇంట్లో అందరూ బాగున్నారు, అమ్మ మోకాలు కాస్త నయం. మీ నాన్నగారు బ్రాడీపేటలో కనపడి నీ పెళ్లి మాట ఎత్తారు, మన ఒప్పందం ప్రకారం నేను నోరు విప్పలేదు.

అసలు సంగతి విను. బాబాయి చిలకలూరిపేట రోడ్డులో తీసుకున్న గోడౌనుకి కెమెరాలు పెట్టించే పని నాకే అప్పజెప్పాడు. కొటేషన్ ఇచ్చినాయన ఒకటే పాట, "ఎయిట్ మెగాపిక్సెల్ వేయించండి సార్, ఇంక చూసుకోనక్కర్లేదు" అని. లెన్సు ఎంత అంటే అన్నీ 2.8 ఎంఎం అన్నాడు (ఈ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు కనపడుతుంది, పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనపడతాయి). గేటుకి కూడానా అంటే గేటుకి కూడా అన్నాడు. నాకు నిజంగా కోపం వచ్చింది రా. పోయినేడు పక్క గోడౌనులో మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, పోయాయి చూడు, అక్కడ కెమెరా ఉంది, వీడియో ఉంది, లారీ వెళ్లడం కూడా కనపడింది, నంబరు మాత్రం ఎవరూ చదవలేకపోయారు. పాపం ఆ గుమాస్తా ఎన్ని మాటలు పడ్డాడో.

అందుకే కూర్చుని లెక్క వేశాను. 2.8 లెన్సు వంద డిగ్రీల పైనే చూపిస్తుంది, గోడౌను లోపలికైతే భేషుగ్గా ఉంటుంది. కానీ గేటు పది మీటర్ల దూరం, అక్కడికి పోయేసరికి పాతిక మీటర్ల వెడల్పు తెర మీదికి వచ్చేస్తుంది. టూ మెగాపిక్సెల్ కెమెరాకి అడ్డంగా ఉండేవి 1920 పిక్సెల్స్, అదే బొమ్మలోని చుక్కలు, అంటే మీటరుకి 77 మించవు. ఎయిట్ మెగాపిక్సెల్‌కి 3840, అయినా 150 చిల్లరే. ముక్కూమొహం తెలియని మనిషిని ఫలానా అని గుర్తుపట్టాలంటే మీటరుకి 250 ఉండాలి! అదే 12 ఎంఎం పెడితే అయిదారు మీటర్ల వెడల్పే వస్తుంది, మామూలు టూ మెగాపిక్సెల్‌కే 300 దాటతాయి. డబ్బు పెట్టాల్సింది లెన్సు మీద. ఇది చెబితే ఆయన మొహం మాడిపోయింది గానీ, 2.8 నుంచి 12 దాకా తిప్పుకునే వేరిఫోకల్ ఒకటి తెచ్చి గేటుకి బిగించాడు.

పగలు బ్రహ్మాండం. రాత్రి లారీ వచ్చింది, ప్లేటు చోట తెల్లటి మచ్చ! హెడ్‌లైట్లు సూటిగా కెమెరాలోకే కొడుతున్నాయి, పైగా చీకట్లో చూడ్డానికి కెమెరా వేసే ఐఆర్ వెలుగు, మన కంటికి కనపడనిది, అది కూడా ప్లేటు మీద పడి తిరిగొచ్చేస్తోంది. బాబాయి "అంతేలే రా" అని కుర్చీలో కూలబడ్డాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. సరే చూద్దామని కెమెరాని పైనుంచి దింపి, గేటు స్తంభానికి పక్కగా హెడ్‌లైట్లు సూటిగా తగలనిచోట పెట్టించి, కెమెరా తనే మార్చుకునేలా ఉన్న షట్టర్‌ని, అంటే ఒక్కో బొమ్మకి వెలుగు పట్టే సమయాన్ని, సెకనులో 500వ వంతుకి కట్టేశాం. తెరంతా చీకటైపోయింది, డ్రైవరు లేడు, లారీ లేదు, ఆ చీకట్లో ప్లేటు ఒక్కటే వెలుగుతోంది, ఏపీ 39 దగ్గర్నుంచి చివరి అంకె దాకా అచ్చు కొట్టినట్టు! బాబాయి లేచి కేకేశాడు చూడు, హమాలీలందరూ పరిగెత్తుకొచ్చారు. నువ్వక్కడ ఉండాల్సింది రా!

అందుకని గేటుకి రెండు కెమెరాలు, ఒకటి మనుషులకి, ఒకటి నంబరుకి. గోడౌను షట్టరు తలుపు దగ్గరకి డబ్ల్యూడీఆర్, అంటే ఎండనీ నీడనీ ఒకేసారి సరిగ్గా చూపించే ఏర్పాటు, ఉన్నదే తీసుకున్నాం, లేకపోతే ఎండలోంచి లోపలికి వచ్చేవాడి మొహం నల్లగా పడుతుంది. లోపలేమో మిర్చి దుమ్ము, ఐఆర్ వెలుగుకి రాత్రంతా తెల్లటి రవ్వలు ఎగురుతున్నట్టుంటుంది, దానికి గోడౌనులో రాత్రిపూట ఒక మామూలు లైటు వెలిగించి ఐఆర్ ఆపేద్దామని నా ఆలోచన, కరెంటు బిల్లు అంటున్నాడు బాబాయి, ఇంకా తేలలేదు.

హార్డ్ డిస్క్ సంగతి కూడా రాయాలి, ఒక్కో కెమెరా సెకనుకి 4 మెగాబిట్ల చొప్పున రోజుకి 43 జీబీ తింటుంది, నెల రోజులు దాచాలంటే... ఉండరా, లోడు వచ్చింది, కాటా దగ్గర్నుంచి కేకలేస్తున్నారు. మీ ఆఫీసులో గేటు కెమెరాకి ఏ లెన్సు ఉందో చూసి రాయి.

నీ
మావ