ఆఫ్‌షోర్ భద్రతా పరికరాలకు ఆమోదం ఇచ్చే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

సముద్రంలోని ప్లాట్‌ఫామ్ మీంచి మనుషులతో సహా నేరుగా నీళ్లలోకి జారిపడే రక్షణ పడవలైన ఫ్రీఫాల్ లైఫ్‌బోట్లకు సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో చేసే లెక్క) రిపోర్టు చూసి ఆమోదం ఇవ్వడాన్ని మేం కాదనడం లేదు. తుపాను అలల్లో మనుషుల్ని కూర్చోబెట్టి పడవను జారవిడవలేం కదా! మా అభ్యంతరం రిపోర్టులు దాచే వాటి మీద.

ఎక్కువ రిపోర్టులు నిశ్చల జలాల్లోనే పడవను పడేస్తాయి. అదే పడవ అల ముఖానికి తగిలితే దెబ్బ వేరు, శిఖరం వెనక పడితే వేరు. కాబట్టి ఒకే అలకైనా జారవిడిచే క్షణాన్ని మారుస్తూ కనీసం 12 లెక్కలు అడగండి. ప్లాట్‌ఫామ్ ఒరిగిన స్థితి, ఎదురుగాలి కూడా కలపమనండి.

పడవ మునిగినప్పుడు వెనక ఏర్పడే గాలిబుడగ మూసుకుంటూ గోడను గట్టిగా కొడుతుంది. గాలిని కుదించలేనిదిగా తీసుకున్న మోడల్‌లో ఆ ఒత్తిడి తప్పుగా వస్తుంది. 2005లో నార్వేలో జరిగిన పరీక్షలో లైఫ్‌బోట్ పైకప్పు వంగింది. అంతకుముందు ఆ భాగాన్ని ఎవరూ అంతగా అనుమానించలేదు.

మెష్‌లో, అంటే లెక్క కోసం నీటిని, గాలిని విడగొట్టిన చిన్న గడుల్లో, గడి పరిమాణాన్ని రెండుసార్లు సగానికి తగ్గించినా గరిష్ఠ ఒత్తిడి పెరుగుతూనే ఉంటే ఆ అంకె నమ్మదగింది కాదు. టైమ్‌స్టెప్ (ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య కాలం) పెద్దదైతే మిల్లీసెకన్ల దెబ్బ కనబడదు. ఫిల్టర్ (గ్రాఫులో వేగంగా మారే హెచ్చుతగ్గులను తీసేసే పద్ధతి) వివరం లేని త్వరణం గ్రాఫును వెనక్కి పంపండి.

లెక్కలో ఒక్కో మనిషి బరువు ఎంత తీసుకున్నారు, 75 కిలోలా, 82.5 కిలోలా? ఇమ్మర్షన్ సూట్ (చల్లటి నీళ్లలో కాపాడే దుస్తులు) బరువు కలిపారా? సగం ఖాళీ పడవనూ లెక్కించాలి, తేలికైతే కుదుపు ఎక్కువ.

చివరగా, కొలనులో చిన్న నమూనాతో చేసిన పరీక్ష కొలతలు అదే గ్రాఫులో పక్కపక్కన ఉండాలి. అవి లేని ఫైలుపై సంతకం చేయొద్దని మా విన్నపం.

ఇట్లు,
లైఫ్‌బోట్ పరీక్షల ఇంజనీర్లు