ఫైట్ కంపోజ్ చేసినవాళ్ల పేర్లూ వేయండి

సంపాదకుడు గారికి,
నమస్కారం.

హాలీవుడ్ యాక్షన్ సినిమాలు 'జాన్ విక్' మీద, వాటి స్పిన్‌ఆఫ్‌ల (అదే లోకంలో వేరే పాత్రల కథల) మీద అభిమానుల వాదన ఎప్పుడూ ఒకచోటే మొదలవుతుంది: హీరో కియాను రీవ్స్ ఉన్నాడా, లేడా? 2023లో మూడు ఎపిసోడ్లుగా వచ్చిన 'ది కాంటినెంటల్' తేలిపోయిందంటే ఆయన లేకపోవడమే కారణమంటారు. 2025 జూన్‌లో వచ్చిన 'బాలెరీనా' కాస్త నిలబడిందంటే ఆయన కాసేపు కనిపించడమే కారణమంటారు. పత్రికల సమీక్షలూ ఈ దారిలోనే నడిచి, చివర 'పోరాటాలు బాగున్నాయి' అని ఒక్క ముక్కతో సరిపెడతాయి. ఈ సినిమాలకు ప్రాణం పోసిన పనికి దక్కేది ఆ ఒక్క ముక్కేనా?

2014లో వచ్చిన మొదటి సినిమాను తీసింది స్టంట్‌మెన్. చాడ్ స్టాహెల్‌స్కీ 'ది మాట్రిక్స్'లో రీవ్స్‌కు డూప్‌గా చేశాడు. డేవిడ్ లీచ్‌దీ అదే వృత్తి. ఇద్దరూ కలిసి తీసినా, అమెరికా దర్శకుల సంఘం నిబంధనల వల్ల దర్శకుడిగా స్టాహెల్‌స్కీ పేరొక్కటే పడింది. లీచ్ నిర్మాతల్లో ఒకడిగా మిగిలాడు. అంటే పేరు దగ్గర చిక్కు మొదటి సినిమాతోనే మొదలైంది.

ఇక పని సంగతి. కెమెరా వెనక్కి జరిగి, మనిషి తల నుంచి పాదాల దాకా కనిపించేలా షాట్‌ను ఎక్కువసేపు కట్ చేయకుండా ఉంచితే రెండు ఇబ్బందులు వస్తాయి. ముఖం కనిపిస్తుంది కాబట్టి డూప్‌ను పెట్టడానికి వీలుండదు. హీరోయే వరసగా పది పన్నెండు కదలికలు తడబడకుండా చేయాలి. రెండోది, సినిమా గుద్దు నిజంగా తగలదు, ముఖానికి కొంచెం ఎడంగా వెళ్లిపోతుంది. కెమెరా భుజం వెనక ఉంటే ఆ ఎడం కనిపించదు, పక్కకు వస్తే బయటపడుతుంది. అందుకే ఈ సినిమాల్లో గుద్దుల కంటే జూడో, జుజిట్సు పట్లు ఎక్కువ. పట్టుకుని విసిరేయాలంటే ఒళ్లు ఒంటికి తగలాల్సిందే, దాచాల్సిన ఎడమే ఉండదు. పిస్టల్ మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) ఖాళీ కావడం కూడా ఫైట్‌లో భాగమే. కింద పడినవాణ్ణి లేవకుండా తొక్కిపట్టి, ఖాళీ మ్యాగజైన్ జారవిడిచి, కొత్తది ఎక్కించి, అప్పుడు మళ్లీ కాలుస్తాడు. ఆ రెండు క్షణాలే ప్రేక్షకుడి ఊపిరి బిగబట్టేవి.

రిహార్సల్ చాలకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. చెయ్యి ఎత్తడం ఒక షాట్, తగలడం ఇంకొకటి, పడటం మూడోది అవుతాయి. ఎవరు ఎటు నిలబడ్డారో, తలుపు ఎటుందో తెలియదు. చప్పుడు పెంచి, కెమెరా ఊపి ఆ లోటు కప్పిపుచ్చుతారు. దీన్ని ఎడిటర్ తప్పంటారు గానీ, షూటింగ్‌కు నెలల ముందే రిహార్సల్ హాల్లో జరగాల్సిన పని జరగకపోవడమే అసలు తప్పు.

స్పిన్‌ఆఫ్‌లను ఈ కొలతతో చూడాలి. 'ది కాంటినెంటల్' 1970ల న్యూయార్క్ కథ. సినిమాల్లో కాంటినెంటల్ అనే హంతకుల హోటల్‌ను నడిపే విన్‌స్టన్ ఇందులో యువకుడు. ఆ హోటల్ అతని చేతికి ఎలా వచ్చిందో చెప్పడానికే ఎక్కువ సమయం పోయింది. మొదటి సినిమాలో బంగారు నాణెం చేతులు మారుతుంది, దాని విలువెంతో ఎవరూ చెప్పరు. చెప్పకపోవడంలోనే ఆ లోకం రుచి ఉంది. విడమరిచి చెప్పాక రుచి తగ్గింది, ఫైట్లూ ఆ లోటు పూడ్చలేదు. రీవ్స్ వచ్చి నిలబడినా ఈ రెండూ మారేవి కావు.

'బాలెరీనా' కథలో పట్టు తక్కువే, అయినా రెండు ఫైట్లు సినిమాను మోశాయి. ఒకటి ఆయుధాల దుకాణంలో గ్రెనేడ్లతో. రెండోది మంచు ఊళ్లో, హీరోయిన్ అనా డి అర్మాస్‌కూ ఎదుటివాడికీ మధ్య: ఒకరి చేతిలో మంటలు చిమ్మే ఆయుధం, ఇంకొకరి చేతిలో ఫైరింజన్ గొట్టం. మంట ధారా నీటి ధారా ఎదురెదురుగా తోసుకుంటాయి, ఇద్దరిలో ఎవరూ దగ్గరికి రాలేరు. ఆయుధమే ఫైట్‌కు నియమం పెట్టిందన్నమాట. కానీ ఇది ఎవరి పనితనం? దర్శకుడిగా తెరమీద లెన్ వైజ్‌మన్ పేరుంది, నిర్మాతల్లో ఒకడైన స్టాహెల్‌స్కీ అదనపు చిత్రీకరణలో చేయి వేశాడు. అభిమానులు ఈ ఇద్దరి మధ్యే పంచాయితీ పెడతారు, ఫైట్లు కంపోజ్ చేసిన బృందం మాటే ఎత్తరు.

కొందరు అభిమానుల ఇంకో ఫిర్యాదు మరీ బాధాకరం. తుపాకీ మంట కంప్యూటర్‌లో కలిపినట్టు తెలిసిపోతోందనీ, బ్లాంక్ తూటాలు నిజంగా పేల్చి తీయాలనీ అంటారు. బ్లాంక్‌లో గుండు లేకపోయినా మందుగుండు ఉంటుంది. గొట్టంలోంచి వేడి వాయువు, మూత ముక్కలు దూసుకొస్తాయి. 1984లో నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ సెట్‌లో బ్లాంక్ వేసిన తుపాకీని కణతకు ఆనించి పేల్చుకుని చనిపోయాడు. 'జాన్ విక్'లో కాల్పులు చాలావరకు చేయి చాచినంత దూరంలోనే. అక్కడ బ్లాంక్ పేల్చడం ప్రాణంతో చెలగాటమే.

1993 మార్చి 31న 'ది క్రో' సినిమా షూటింగ్‌లో గాయపడి నటుడు బ్రాండన్ లీ పోయిన తీరు ఇంకా చెప్పుకోవాలి. రివాల్వర్ దగ్గరి షాట్ కోసం నిజమైన తూటాల్లోంచి మందు తీసేసి డమ్మీలు తయారుచేశారు, కానీ అడుగున ఉండే ప్రైమర్ (మందును అంటించే చిన్న పేలుడు మూత) తీయలేదు. అది పేలి, గుండును గొట్టం మధ్యదాకా తోసి వదిలేసింది. తర్వాత గొట్టం పరిశీలించకుండానే బ్లాంక్ వేశారు. బ్లాంక్ శక్తికి ఇరుక్కున్న గుండు బయటికొచ్చి లీకి తగిలింది. మిగిలిన సినిమాలో లీ బదులు నిలబడిన డూపుల్లో స్టాహెల్‌స్కీ ఒకడు. ఆయన సినిమాలో నిజమైన పేలుడు కావాలని అడిగేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

నాలుగో సినిమాలో పారిస్‌లోని సాక్రే కేర్ గుడి మెట్లు 222. వాటి మీద దొర్లిపడినవాడు వాన్సాన్ బుయాన్ అనే స్టంట్‌మన్. టికెట్ కొన్నవారిలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? ఆస్కార్ అకాడమీ కూడా 2025 ఏప్రిల్‌లో గానీ స్టంట్ డిజైన్‌కు అవార్డు ప్రకటించలేదు. 2027 నుంచి విడుదలయ్యే సినిమాలకు, 2028లో జరిగే 100వ వేడుకలో మొదటిసారి ఇస్తారు.

మీ పత్రిక అంతవరకు ఆగనక్కర్లేదు. విదేశీ సినిమా సమీక్షలో నటీనటులు, సంగీతం, కెమెరా, ఎడిటింగ్ అని వేసే పట్టికలో స్టంట్ కోఆర్డినేటర్‌కు ఒక వరుస, సెకండ్ యూనిట్ దర్శకుడికి (ప్రధాన దర్శకుడు లేకుండా యాక్షన్ లాంటి భాగాలు తీసేవాడికి) ఒక వరుస కలపండి. ఆ పేర్లు సినిమా చివరి టైటిల్స్‌లో ఉంటాయి. ఫైట్ బాగుంటే ఎందుకు బాగుందో, బాగోకపోతే ఎక్కడ చెడిందో రెండు వాక్యాలు రాయమని సమీక్షకులకు చెప్పండి. తర్వాతి స్పిన్‌ఆఫ్ వచ్చేనాటికి ఈ మార్పు కనిపిస్తుందని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు