నీలి డబ్బా, తెల్ల డబ్బా: అమ్మాయికి ఒక ఉత్తరం

కాకినాడ,
సంక్రాంతి వెళ్లిన మూడవ రోజు.

చిరంజీవి అమ్మాయికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు ఫోటోలూ చూశాను. ఒకటి ఇక్కడి నుంచి నీ పెట్టెలో నేను సర్దిన నివియా క్రీము నీలి రేకు డబ్బా. రెండవది అమెరికాలోని మినియాపొలిస్‌లో నీతో ఉంటున్న అమ్మాయిలు కొనమన్న సెరావి క్రీము తెల్ల డబ్బా. ముఖం కడుక్కున్న వెంటనే చర్మం బిగుసుకుపోతోందనీ, చెంపల మీద పొట్టు లేస్తోందనీ, ఈ రెండింటిలో ఏది రాసుకోమంటావనీ అడిగావు. నీలి డబ్బాలో ఉన్నది ఉత్త మినరల్ ఆయిలేనట కదా అని కూడా అన్నావు. ఫోనులో ఒక్క మాటతో తేల్చి చెప్పవచ్చు. కాని ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పినదాన్ని, నా కూతురికి ఒక క్రీము పేరు మాత్రం చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. రెండు జాబితాలనూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని నిన్న మధ్యాహ్నమంతా చదివాను. చదివినకొద్దీ అవి నేను అనుకున్నంత దూరపు చుట్టాలు కావని తేలింది.

డబ్బాను వెనక్కి తిప్పి చదివే అలవాటు నాకు మీ పెద్దమ్మ వల్ల వచ్చింది. నీకు ఊహ తెలియని రోజుల్లో ఆమె రంగు వస్తుందని ఎవరో ఇచ్చిన క్రీము ఒకటి నెలల తరబడి రాసుకుంది. ఆ డబ్బా మీద ఒక పేరు, ఒక పువ్వు బొమ్మ తప్ప లోపల ఏముందో ఒక్క అక్షరం లేదు. మొదట్లో ముఖం నిగనిగలాడింది. తరువాత చర్మం పలచబడి, ఎండలోకి వస్తే మంట పుట్టి, చెంపల మీద సన్నని ఎర్రటి నరాలు బయటపడ్డాయి. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని చర్మవైద్యుడు చెప్పాడు. మానేసిన తరువాత కుదుటపడడానికి రెండేళ్లు పట్టింది. అప్పటి నుంచి జాబితా లేని డబ్బాను నేను మన గడప దాటి లోపలికి రానివ్వలేదు. నీ చేతిలో ఉన్న రెండింటికీ జాబితాలు ఉన్నాయి కనుక వాటిని మనం తూచి చూడవచ్చు.

జాబితా చదవడానికి ఒక పద్ధతి ఉంది. మన దేశంలోనైనా అమెరికాలోనైనా బరువులో ఎక్కువగా ఉన్న పదార్థాన్ని ముందు రాయాలి. ఒక శాతమో అంతకంటే తక్కువో ఉన్నవాటిని మాత్రం ఆ తరువాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. అంటే మొదటి ఐదారు పేర్లలోనే క్రీములో అధిక భాగం ఉంటుంది. డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాలతో చెప్పుకున్న పదార్థం వెనుక వైపు ఎన్నవ స్థానంలో ఉందో చూడాలి. సెరావి ముందు వైపు సెరమైడ్లు (చర్మంలోనూ ఉండే ఒక రకం కొవ్వులు), హయలురోనిక్ ఆమ్లం (నీటిని పట్టి ఉంచే పదార్థం) అని రాసి ఉంది. వెనుక వైపున నీళ్లు, గ్లిజరిన్, సెటియరిల్ ఆల్కహాల్, కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్, సెటైల్ ఆల్కహాల్, సెటియరెత్-20, పెట్రోలేటం, పొటాషియం ఫాస్ఫేట్ వరుసగా వచ్చి వెళ్లిన తరువాత గాని మొదటి సెరమైడ్ పేరు కనబడదు. హయలురోనిక్ ఆమ్లపు సోడియం లవణం ఇంకా వెనుక ఉంది. నివియాలో నీళ్లు, లిక్విడ్ పారఫిన్, మైక్రోక్రిస్టలైన్ మైనం, గ్లిజరిన్, లానోలిన్ ఆల్కహాల్, పారఫిన్ మైనం, పాంథెనాల్, మెగ్నీషియం సల్ఫేట్, ఇంకా కొన్ని కొవ్వు పదార్థాలు, పరిమళ ద్రవ్యాలు ఉన్నాయి.

రెండింటిలోనూ మొదటి పేరు నీళ్లే. అయినా నీలి డబ్బాలోది వేలికి గట్టిగా, జిడ్డుగా తగులుతుంది, తెల్ల డబ్బాలోది రాయగానే చర్మంలో కలిసిపోయినట్టు ఉంటుంది. దీనికి కారణం నీకు అమ్మమ్మ ఇంటి వంటగదిలోనే దొరుకుతుంది. పాలలో నీళ్లు ఎక్కువ, అందులో కొవ్వు చిన్న చిన్న బిందువులై తేలుతుంది. అమ్మమ్మ కవ్వంతో చిలికి తీసిన వెన్నలో కొవ్వు ఎక్కువ, అందులో నీరు చిన్న చిన్న బిందువులై చిక్కుకుని ఉంటుంది. సెరావి పాల జాతి, నివియా వెన్న జాతి. చేతి వెనుక రెండింటినీ చెరో చోట కొద్దిగా రాసి కుళాయి కింద పెట్టి చూడు: ఒకటి నీళ్లతో కలిసి కదిలిపోతుంది, మరొకటి మీది నీటిని ముత్యాల్లా దొర్లించేస్తుంది. నూనెలో నీటిని అలా నిలకడగా పట్టి ఉంచడం ఒకప్పుడు చాలా కష్టమైన పని. ఐజాక్ లిఫ్‌షుట్జ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గొర్రె ఉన్ని జిడ్డు నుంచి యూసెరిట్ అనే పదార్థాన్ని తీసిన తరువాత అది సాధ్యపడి, 1911లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో బైయర్స్‌డార్ఫ్ సంస్థ ఈ క్రీమును తయారు చేసింది. మంచు అనే అర్థం గల లాటిన్ మాట నుంచి నివియా అన్న పేరు పెట్టారు. డబ్బాకు నీలం రంగు 1925లో వచ్చింది. నూట పదేళ్లు దాటినా ఆ యూసెరిటే, అంటే జాబితాలో ఐదవ పేరుగా ఉన్న లానోలిన్ ఆల్కహాలే, ఇప్పటికీ దానికి మూలస్తంభం.

ఇప్పుడు నీ చర్మం సంగతికి వస్తాను. మన చర్మం మీది పొరను శాస్త్రజ్ఞులు ఇటుకల గోడతో పోలుస్తారు. జీవం పోయిన చదునైన కణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే కొవ్వు సున్నం వంటిది. ఆ కొవ్వులో ఇంచుమించు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగిలిన దానిలో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. గోడ బాగుంటే లోపలి నీరు బయటికి పోదు. కాకినాడలో సముద్రపు గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి గోడకు చిన్న చీలిక ఉన్నా మనకు తెలియదు. అక్కడ గడ్డకట్టే చలిగాలిలో నీటి ఆవిరి అసలే తక్కువ, ఆ గాలినే హీటరుతో వేడి చేసి గదిలోకి వదిలితే అది ఎండిన గుడ్డలా కనబడిన తడినల్లా పీల్చుకుంటుంది. దానికి తోడు నువ్వు పొగలు కక్కే నీళ్లతో, సబ్బుతో ముఖం కడుగుతున్నావు. గోడలోని కొవ్వు కొంత ఆ నీళ్లతో పోతోంది. నీ చెంపల మీది పొట్టు అదే.

అటువంటి గోడకు క్రీము చేయవలసిన పనులు మూడు: నీటిని పట్టి ఉంచాలి, పట్టిన నీటిని పోనివ్వకుండా పైన మూత వేయాలి, వీలైతే సున్నాన్ని పూడ్చాలి.

నీటిని పట్టే పని రెండు డబ్బాల్లోనూ ప్రధానంగా గ్లిజరిన్‌దే. సెరావిలో అది నీళ్ల తరువాత రెండవ పేరు, నివియాలో నాలుగవది. మూడు హైడ్రాక్సిల్ సమూహాలు ఉన్న ఆ చిన్న అణువు నీటిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో నీకు ఇంటర్‌లోనే చెప్పాను. గ్లిజరిన్ ఇంత ముందు ఉండడమే సెరావికి నిజమైన బలమని నా అభిప్రాయం. అది చవకైనది, పాతది కనుక ముందు వైపు దాని పేరు పెద్దగా వేయరు.

మూత వేసే పనిలో నివియాది పై చేయి. లిక్విడ్ పారఫిన్, రెండు రకాల మైనాలు మొదటి ఆరు పేర్లలోనే ఉన్నాయి. నువ్వు మినరల్ ఆయిల్ అన్నది ఈ లిక్విడ్ పారఫిన్‌నే. దాని పేరు విని నీ స్నేహితులు భయపడుతున్నారు గాని, సౌందర్య సాధనాల కోసం శుద్ధి చేసిన మినరల్ ఆయిల్ కంపుకొట్టదు, అలర్జీ కలిగించడం బహు అరుదు. పైగా వాళ్లు మెచ్చుకునే తెల్ల డబ్బాలో ఏడవ పేరుగా ఉన్న పెట్రోలేటం కూడా మినరల్ ఆయిల్ లాగే ముడి చమురు నుంచి వచ్చినది. అది మనం పెదాలకు రాసుకునే వాజ్‌లైనే. నీరు ఆవిరైపోకుండా ఆపడంలో దానికి సాటి వచ్చే పదార్థం ఇంచుమించు లేదు. ఒకదానిలో అది మంచిదై, మరొకదానిలో దాని సోదరి చెడ్డదవడం న్యాయం కాదు.

సున్నం పూడ్చే పని దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. సెరావిలో సెరమైడ్లు మూడు ఉన్నాయి: ఎన్‌పీ, ఏపీ, ఈఓపీ. చివరి పీ అక్షరం ఫైటోస్ఫింగోసిన్ అనే భాగానికి గుర్తు, ముందున్న అక్షరాలు దానికి అతికిన కొవ్వు ఆమ్లం ఏ రకమో చెబుతాయి. వాటితో పాటు కొలెస్ట్రాల్ కూడా పేరు పేరునా ఉంది. గోడలో ఉన్న పదార్థాలనే డబ్బాలో పెట్టడం మంచి ఆలోచన. అయితే అవి కార్బోమర్ (క్రీమును చిక్కబరిచేది) వంటి చిటికెడు వాడే పదార్థాల పక్కన ఉన్న తీరు చూస్తే వాటి పాలు చాలా తక్కువని నేను ఊహిస్తున్నాను. ఎంత ఉన్నదీ డబ్బా మీద రాయలేదు. కనుక ఈ క్రీము నీకు ఉపశమనం ఇస్తే అందులో గ్లిజరిన్‌కూ పెట్రోలేటంకూ పెద్ద వాటా ఇవ్వు, సెరమైడ్లకు ఉన్నంత ఇవ్వు. నాకు సంతోషం కలిగించిన సంగతి మరొకటి ఉంది. నీలి డబ్బాలోని లానోలిన్ ఆల్కహాల్ ఒకే పదార్థం కాదు, ఉన్ని జిడ్డులోని అనేక ఆల్కహాళ్ల మిశ్రమం. వాటిలో ముఖ్యమైనది కొలెస్ట్రాల్. అంటే తెల్ల డబ్బా పేరు పెట్టి చెప్పిన కొలెస్ట్రాల్‌ను నీలి డబ్బా గొర్రె నుంచి తెచ్చుకుని వంద ఏళ్లకు పైగా పేరు చెప్పకుండానే మోస్తోంది.

ఆల్కహాల్ అన్న మాట చూసి బెదరవద్దు. సెటైల్, సెటియరిల్ ఆల్కహాళ్లు పదహారు, పద్దెనిమిది కర్బనాల పొడవు గల కొవ్వు ఆల్కహాళ్లు. చేతికి తీసుకుంటే తెల్లని మైనపు బిళ్లల్లా ఉంటాయి. స్పిరిట్‌లా చర్మాన్ని ఎండబెట్టవు, మెత్తబరుస్తాయి. ట్రైగ్లిజరైడ్ మన కోనసీమ కొబ్బరి నూనెలోనూ ఉండే ఎనిమిది, పది కర్బనాల కొవ్వు ఆమ్లాలతో చేసినది. ఇక సెరావి జాబితాలో డైసోడియం ఈడీటీఏ అన్న పేరు చూడగానే నాకు మా ప్రయోగశాల గుర్తుకు వచ్చింది. నీళ్ల కాఠిన్యం కొలిచేటప్పుడు ద్రాక్ష రంగు ద్రావణం నీలంగా మారే ఆ క్షణం కోసం పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవారు. అక్కడ కాల్షియం, మెగ్నీషియం అయాన్లను బంధించిన ఈడీటీఏనే ఇక్కడ లోహపు అయాన్లను బంధించి క్రీము చెడిపోకుండా కాపాడుతోంది.

నా తీర్పు నిర్ణయించినది మాత్రం పరిమళం. నివియా జాబితా చివర పర్ఫ్యూమ్ అనీ, లిమోనీన్, లినలూల్, జెరానియోల్, సిట్రొనెలోల్ అనీ ఉన్నాయి. చిన్నప్పుడు నా పక్కన పడుకుని "అమ్మ వాసన" అని నువ్వు అన్నది వీటినే. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి చాలామందిలో ఇవి ఏ హానీ చేయవు, నాకు ఎన్నడూ చేయలేదు. కాని చర్మానికి అలర్జీ కలిగించే పదార్థాలలో పరిమళాలది ముందు వరుస, లానోలిన్ కూడా కొందరికి పడదు. పగుళ్లు పడిన గోడలోంచి ఇటువంటివి లోపలికి సులువుగా చొరబడతాయి. సెరావి క్రీములో పరిమళం కలపలేదు. కనుక చెంపలు మానే వరకు ముఖానికి తెల్ల డబ్బా వాడు, చేతులకూ మడమలకూ నీలి డబ్బా వాడు. మంచు కురిసే రోజుల్లో చేతి వేళ్ల కణుపుల మీద నిలబడే మూత నీలి డబ్బాదే.

మొదట మోచేతి మడతలో కొద్దిగా రాసి నాలుగైదు రోజులు చూడు. దురద, ఎరుపు లేకపోతే ముఖానికి మొదలుపెట్టు. గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే రాసుకో, ఎందుకంటే మూత వేసేనాటికి కింద కొంత నీరు ఉండాలి. రెండు వారాలకూ పొట్టు తగ్గకపోయినా, ఎరుపెక్కి మండినా విశ్వవిద్యాలయంలోని డాక్టరుకు చూపించు, నా ఉత్తరాన్ని పట్టుకుని కూర్చోవద్దు.

పక్క గది అమ్మాయి ఏదో సీరమ్ కొనమంటోందని చివర్లో రాశావు. కొనేముందు దాని ఫోటో కూడా పంపు. వెనుక వైపు, అక్షరాలు కనబడేలా దగ్గరగా తీసి పంపితే చాలు.

ఇట్లు,
అమ్మ