నాకు జవాబు చెప్పని వాళ్లందరికీ

మొన్న శ్రావణంలో మా పెళ్లయింది. పెళ్లికి వచ్చినవాళ్లకీ, రాలేక ఫోన్ చేసినవాళ్లకీ అప్పుడే థాంక్స్ చెప్పేశాను. ఈ పోస్టు వేరే. పెళ్లికి ముందు ఏడాదిన్నర నేనెలా ఉన్నానో తెలిసినవాళ్లు ఓ ఐదారుగురు ఉన్నారు. నేనడిగిన ప్రశ్నకి చివరికి వాళ్లెవరూ జవాబు చెప్పలేదు. ఈ కృతజ్ఞతలు అందుకే.

ప్రశ్న ఒక్కటే. "నాకు ఆ అమ్మాయి మీద నిజంగా ప్రేముందా?"

ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే. నాకు మాత్రం పొద్దున్న పళ్లు తోముకునేటప్పుడు మొదలైతే రాత్రి రెండింటి దాకా వదిలేది కాదు. మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ దగ్గర లెక్కలు రాస్తాను. 180, 240, 320 అనే గ్రేడులంటే పౌనుకి సుమారు ఎన్ని గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగుతాయన్న లెక్క. గుండ్లు ఒక పక్క, బద్దలు ఒక పక్క, ముక్కలు ఇంకో పక్క. బల్ల దగ్గర ఆడవాళ్లు ఒక్క చూపుతో ఏరేస్తారు. నేనూ నా మనసుని అలాగే బల్ల మీద పోసుకుని ఏరుతూ ఉండేవాణ్ణి. నాకు ఏ గింజ ఏ రకమో ఒక్కసారీ తేలలేదు.

నిశ్చితార్థం అయిన నెలకి కళింగపట్నం వెళ్లాం, ఇద్దరమే. లైట్‌హౌస్ దగ్గర కూర్చుని తను మురీ మిక్చర్ తింటోంది. కింది పెదవికి ఒక ఉల్లిపాయ ముక్క అంటుకుంది. ఏదో చెప్పి నవ్వుతోంది, ఆ ముక్క కదులుతోంది. తను ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ ముక్కని చూస్తూ "ఇప్పుడు ముద్దొచ్చిందా? రాలేదు. ఎందుకు రాలేదు? ప్రేమ ఉన్నవాడికి రావాలి కదా" అని లోపల లెక్క వేసుకుంటున్నాను. పక్కన ఇంకో జంట కనిపించింది. వాడు నాకంటే ఎక్కువ నవ్వుతున్నాడు. అయిపోయింది, నాకు లేదు!

ఇంటికొచ్చి అదంతా తనకే ఫోన్లో చెప్పాను. దాచితే మోసం చేసినట్టని నా గోల. ఆ రోజుల్లో "నిన్న నువ్వు నాకు అందంగా అనిపించలేదు" లాంటి మాటలు కూడా చెప్పాను. ఒకసారి తను అంది, "పరీక్ష రాసేది నువ్వు, మార్కులు మాత్రం నాకు పడుతున్నాయి" అని. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఓసీడీ అని, వద్దన్నా ఒకే ఆలోచన పదేపదే వచ్చి వదలని జబ్బు. అదంటే చేతులు కడుక్కోవడం, తాళం పదిసార్లు చూసుకోవడమే అనుకునేవాణ్ణి. నా తాళం లోపల ఉందని ఎవరికి తెలుసు? ముందు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే అరగంట విని, "ప్రేమ లేనట్టే ఉంది, పెళ్లి ఆపుకోండి" అన్నారు. బస్సెక్కేదాకా హాయిగా ఉంది. నరసన్నపేట వచ్చేసరికి "ఆపేస్తే? అదే తప్పయితే?" అని మళ్లీ మొదలు. జాతకాలు చూపిస్తే 36కి 28 గుణాలు కలిశాయన్నారు. ఆ ధైర్యం శ్రీకాకుళం బస్టాండు కాంప్లెక్స్ దాటలేదు.

ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను. టెలిమానస్ అని ప్రభుత్వానిది, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అంతా విన్నాక "మీరే చెప్పండి మేడమ్, ప్రేముందా లేదా?" అన్నాను. ఆవిడ "అది నేను చెప్పేది కాదు సార్. ఈ ప్రశ్న రోజుకి ఎన్ని గంటలు తినేస్తోంది?" అని అడిగారు. అంతవరకూ ఆ లెక్క ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. సైకియాట్రిస్టుని కలవమన్నారు. మేడమ్, మీ పేరు తెలీదు. మీకు దణ్ణం.

విశాఖలో డాక్టరమ్మ ఇది ఓసీడీయే అని, అది ఎంత ముదిరిందో కొలిచే పది ప్రశ్నల కాగితం మీద నాకు 40కి 27 వేశారు. చదువులో ఎప్పుడూ రాని ఫస్ట్ క్లాసు ఇక్కడొచ్చింది. మందు మొదలుపెట్టి, గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు, మధ్యలో ఆపొద్దన్నారు. ఇంకోమాట కూడా చెప్పారు. అవతలి మనిషి కొడుతున్నా, చులకన చేస్తున్నా వచ్చే అనుమానం వేరు, దాన్ని జబ్బు అనుకోకూడదని. ఇది చదివేవాళ్లు ఆ తేడా గమనించండి.

మందు కంటే కష్టం రెండో వైద్యం. "నాకు ఈమె మీద ప్రేమ లేదేమో, అది ఎప్పటికీ తేలకపోవచ్చు" అని నా చేత్తో రాసి రోజూ 20 నిమిషాలు చదవాలి. లోపల వాదించకూడదు, ఎవర్నీ అడగకూడదు. మొదటి వారం చొక్కా తడిసిపోయేది. ఇంట్లో వాళ్లకీ ఒక రూలు పెట్టారు. వీడు అడిగితే జవాబు చెప్పొద్దు, చెప్తే కాసేపే హాయి, ప్రశ్న మళ్లీ మొదలవుతుందని.

ఇక్కడే మా అప్ప, అంటే అక్క. అంతకుముందు రోజుకి పదిసార్లు "ఉందిరా, నీకు ప్రేముంది" అని ఓపిగ్గా చెప్పిన మనిషి. ఆ రోజు నుంచి ఎప్పుడడిగినా ఒకటే మాట, "ఏమోరా, నాకేటి తెలుసు?" కోపంతో అన్నం కంచం తోసేశాను ఒకసారి. అప్ప కదల్లేదు. కంచం మళ్లీ నా ముందుకి జరిపి చారు పోసింది. తర్వాత బావ చెప్పాడు, ఆ రాత్రి వంటింట్లో ఏడ్చిందట.

మా ఓనరు గారు నెలకి రెండు శనివారాలు సెలవిచ్చి, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. గ్రేడింగ్ బల్ల దగ్గర పిన్ని జీడిపిక్కల బస్తాల వెనక నన్ను చూసి, టీ గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

తను నాతోపాటు మూడుసార్లు విశాఖ వచ్చింది. ఇప్పుడు నేను అలవాటుగా మొహం పెడితే "తేలిందా?" అంటుంది. "తేలలేదు" అంటాను. "సరే, కూరగాయలు తే" అంటుంది.

ఈమధ్య అదే కాగితం మీద 13 వచ్చింది. అనుమానం ఇంకా వస్తుంది, వారానికి ఓ రెండు మూడుసార్లు.

అప్పా, ఇది పోస్టు చేశాక "బాగా రాశానా, ఎవరైనా తప్పుగా అనుకుంటారా" అని నీకు ఫోన్ చేస్తాను. ఏం చెప్పాలో నీకు తెలుసు.