బరువు లాగే బండిని ఎంచుకోబోతున్న మిత్రునికి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మూడు టన్నుల ట్రైలరును లాగడానికి బండి కొనబోతున్నావనీ, 3,500 కిలోలు లాగుతుందని ప్రకటనలో రాసి ఉన్న పికప్పును దాదాపు ఖాయం చేసుకున్నావనీ తెలిసి, నువ్వు బయానా ఇవ్వకముందే అందాలన్న ఆత్రంతో ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన భయం ఒక్కటే: నువ్వు రాసిన రెండు పేజీలలోనూ ఆ బండి లాగుడు గురించే ఉంది గాని, దాని వీపు మీద ఎంత బరువు మోపవచ్చో, అంత బరువుతో దిగుడులో ఎలా ఆగుతుందో ఎక్కడా లేదు.

ముందు లెక్క చూద్దాం. బరువైన ట్రైలరును కట్టినప్పుడు దాని బరువులో సాధారణంగా 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలరును తగిలించడానికి బండి వెనుక ఉండే కొక్కెం మీద పడాలి. నీ మూడు టన్నులకు అది తక్కువలో తక్కువ 300 కిలోలు. ఒక పికప్పు ఖాళీ బరువు 2,200 కిలోలు, అన్నీ కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు 2,900 కిలోలు అనుకో. మిగిలేది 700. అందులో డ్రైవరుతో సహా నలుగురు మనుషులకూ వాళ్ల సామానుకూ 400, హిచ్ సరంజామాకు 30 తీసివేస్తే 270 కిలోలే మిగులుతాయి. ట్రైలరు బరువు 3,500 లోపే ఉన్నా, నువ్వు ఇంటి నుంచి బయలుదేరక ముందే బండి తన పరిమితి దాటిపోయింది. ఇది కాక బండి, ట్రైలరు రెండూ కలిపి ఎంత ఉండవచ్చో చెప్పే అంకె ఇంకొకటి ఉంటుంది. అది 5,800 అయితే, నిండుగా 2,900 కిలోలున్న బండి వెనుక 2,900 కిలోల ట్రైలరుకే చోటు ఉన్నట్టు. ప్రకటనలోని 3,500 అబద్ధం కాదు, కాని బండి దాదాపు ఖాళీగా ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. ఈ అంకెలు బండి మాన్యువల్లో ఉంటాయి, డ్రైవరు తలుపు చట్రం మీద గాని ఇంజను గది లోపల గాని అంటించిన చీటీ మీదా కనిపిస్తాయి. షోరూములో తలుపు తెరిపించి నీ కళ్లతో నువ్వే చదువుకో.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి నేను ట్రైలరులో జనరేటరు వేసుకుని వెళ్లాను. దించడానికి సులువుగా ఉంటుందని దాన్ని తోక వైపు పెట్టించాను. ఎక్కుడంతా ఇంజను హాయిగా లాగింది. దిగుడు మొదలై వేగం పెరిగేసరికి స్టీరింగు చేతిలో గాలి బంతిలా తేలికైపోయింది. కుడి అద్దంలో ట్రైలరు తోక కనబడింది, మాయమైంది, మరుక్షణం ఎడమ అద్దంలో కనబడింది. ఊపు ప్రతిసారీ ఇంకొంచెం పెద్దదవుతోంది. బ్రేకు గట్టిగా తొక్కకుండా, యాక్సిలరేటరు మీద కాలు తీసేసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని ఉండడం వల్ల నెమ్మదిగా కుదుటపడింది. బండిని పక్కకు ఆపి దిగాక కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఎడ్లబండికి ముందుబరువు, వెనుకబరువు చూసి సర్దినట్టే ట్రైలరుకూ సర్దాలి. సుమారు 60 శాతం బరువు ఇరుసుకు ముందు భాగంలో ఉండాలన్నది ఆ రోజు నా వెన్నుకు తెలిసింది. పొడవైన వీల్‌బేసు (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం) ఉండి, హిచ్‌కూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం తక్కువగా ఉన్న బండి ఇటువంటి ఊపును బాగా తట్టుకుంటుంది. అందుకే పొట్టి ఎస్‌యూవీ కన్నా చాసిస్ మీద కట్టిన పొడుగు పికప్పునే నేను ఇష్టపడతాను.

బ్రేకుల మాటకు వస్తే, గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళ్లినప్పుడు వేగం పెరిగేది పావు వంతే అయినా బ్రేకులు మింగవలసిన శక్తి 56 శాతం పెరుగుతుంది. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు తప్పనిసరి చేశారు. నీ మూడు టన్నులకు అవి లేకుండా రోడ్డెక్కాలన్న ఆలోచనే వద్దు. ట్రైలరుకు విద్యుత్ బ్రేకులు ఉండి, వాటిని డ్రైవరు సీటు నుంచే విడిగా వేయగలిగే కంట్రోలరు బండిలో ఉంటే ఇంకా మేలు, ఊగే ట్రైలరును వెనక్కి లాగి పట్టేది అదే. పొడవాటి దిగుడులో ఇంజను బ్రేకింగు, అంటే చిన్న గేరులో ఇంజనుతోనే వేగం తగ్గించడం, నీ ప్రధాన ఆధారం కనుక, డీజిలు బండిలో ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టాన్ని బిగించి ఇంజనును నెమ్మదింపజేసే ఏర్పాటు) ఉందో లేదో తప్పక అడుగు.

ఇక ఇంజను. హార్స్‌పవరు కన్నా టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఎంత తక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర దొరుకుతుందో చూడు. టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న డీజిళ్లకు అది సాధారణంగా 1,500 నుంచి 2,500 మధ్య అందుతుంది, అందుకే ఎక్కుడులో గేరు పదేపదే మార్చే పని తగ్గుతుంది. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సుమారు పదో వంతు శక్తి కోల్పోతుంది. ఒకే ఇంజనుకు రెండు రకాల ఇరుసు నిష్పత్తులు (చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను వైపు షాఫ్టు తిరిగే చుట్లు) ఇస్తుంటే 3.55 కన్నా 4.10 తీసుకో, ఇంధనం కొంత ఎక్కువ తాగినా బరువును కదల్చడం తేలిక. గేరుబాక్సు విషయంలో నా ఓటు ఆటోమేటిక్‌కే, దానికి విడిగా ఆయిలు కూలరు ఉంటేనే సుమా. మాన్యువల్ బండితో ట్రైలరును అంగుళం అంగుళం వెనక్కి నడిపినప్పుడు వచ్చే క్లచ్ ప్లేటు మాడు వాసన నాకు బాగా పరిచయం. ఎలక్ట్రిక్ బండ్ల లాగుడుకు వంక పెట్టలేం గాని, బరువు కట్టగానే ఒక్క చార్జితో పోయే దూరం సగానికి పడిపోవచ్చు.

ప్రకటనల అంకెల్లో దేన్ని నమ్మాలని అడిగావు. ఎస్‌ఏఈ (అమెరికాలోని వాహన ఇంజనీర్ల సంఘం) లాగుడు సామర్థ్యం కొలవడానికి పెట్టిన జె2807 ప్రమాణం ప్రకారం పరీక్షించామని రాసి ఉంటే నమ్ము. ఆ పరీక్షకు కొలమానం అమెరికాలోని ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడు. 38 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, గరిష్ఠ బరువుతో దాన్ని ఎక్కుతున్నప్పుడు సాధారణ పికప్పు వేగం గంటకు 64 కిలోమీటర్లకు తగ్గకూడదు. 12 శాతం వాలు మీద ఆగిన చోటు నుంచి మళ్లీ మళ్లీ కదలాలి కూడా. ఇంజను వేడెక్కితే అక్కడ దాచుకోవడానికి వీలుండదు.

టైర్లు చూసేటప్పుడు లోడ్ ఇండెక్సు చదువు. 121 అంటే టైరుకు 1,450 కిలోలు, 100 అంటే 800 మాత్రమే.

బయానా పది రోజులు వాయిదా వెయ్యి. ఈలోగా ట్రైలరును నువ్వు రోజూ నింపేంత నిండుగా నింపి కాటాకు తీసుకువెళ్లి, మొత్తం బరువు ఒకసారి, హిచ్ దగ్గర పడే బరువు ఒకసారి విడివిడిగా తూయించు. ఆ రెండు అంకెలూ, తలుపు మీది చీటీ ఫోటో నాకు పంపు. వచ్చిన రోజే కూర్చుని లెక్క కట్టి జవాబు రాస్తాను.

ఎప్పటికీ నీ
మిత్రుడు