గరువుకు ముందు సున్నం, ఆ తర్వాతే డీఏపీ

సంపాదకులకు నమస్కారం.

ఖరీఫ్ వస్తే యూరియా కొరత గురించీ డీఏపీ ధర గురించీ వార్తలు వేస్తున్నారు. వెయ్యాల్సినవే. కానీ గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి చుట్టూ ఉన్న ఎర్ర గరువుల్లో, అంటే నీరు నిలవని మెట్ట నేలల్లో, రైతు డబ్బు నష్టపోయేది ధర వల్ల మాత్రమే కాదు. ఈ నేలలు పులిసిపోయాయి. ఏటా పడే వానలకు సున్నపు అంశం కొట్టుకుపోయింది. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. పీహెచ్ 5.5 కంటే దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేరు కొనను కాల్చేస్తుంది. పిల్లవేళ్లు రావు, ఉన్న వేళ్లు పొట్టిగా మొద్దుబారి ఉంటాయి.

50 కిలోల డీఏపీ సంచిలో 23 కిలోల భాస్వరం ఉంటుంది. పులిసిన నేలలో అందులో చాలా భాగం ఇనుముతో, అల్యూమినియంతో ముడిపడి మొక్కకు దక్కకుండా పోతుంది. నత్రజని నీటితోపాటు వేరు దగ్గరకు నడిచి వస్తుంది. భాస్వరం అలా రాదు, కదిలేది మిల్లీమీటర్లే, కాబట్టి వేరు తానే దాన్ని వెతుక్కుంటూ వెళ్లాలి. పొట్టి వేరు ఎక్కడికి వెళ్తుంది? మొక్కజొన్న లేతగా ఉన్నప్పుడే అడుగాకులు ఊదారంగు తిరిగితే మరో సంచి డీఏపీ తెచ్చి వేస్తారు. దానిలోని అమ్మోనియా నత్రజని నేలలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. యూరియాదీ అదే దారి. అంటే రోగం ముదిరేలా మందు వేస్తున్నాం.

కంది, పెసర వేసినవారు నెల దాటాక ఒక మొక్కను మట్టిగడ్డతో సహా తవ్వి తీసి, నీళ్లలో కడిగి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీ రంగు ఉంటే అది గాలిలోని నత్రజనిని పడుతున్నట్టే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగడం లేదు. బుడిపెలో ఉండి నత్రజనిని పట్టే సూక్ష్మజీవి పులుపులో బతకడం కష్టం, దానికి కావలసిన మాలిబ్డినమూ అందదు.

దీనికి విరుగుడు సున్నపురాయి పొడి, లేదా డోలమైట్ పొడి. పొలమంతా చల్లాలంటే టన్నులు కావాలి, చిన్న రైతుకు అది కుదరదు. ఎకరానికి 80 నుంచి 160 కిలోలు చాళ్లలో వేసి మట్టితో కలపడం చాలు, కాకపోతే ఏటా వెయ్యాలి. పొడి పిండిలా మెత్తగా ఉండాలి, పలుకులు ఏళ్ల తరబడి కరగవు. కాల్చిన సున్నం దొరికితే 100 కిలోల రాతిపొడికి బదులు 56 కిలోలు, నీళ్లు చల్లి విరిసిన సున్నమైతే 74 కిలోలు సరిపోతాయి. ఈ రెండూ ఘాటైనవి, విత్తడానికి రెండు వారాల ముందే వెయ్యాలి. ఏ సున్నాన్నైనా యూరియాతో గానీ డీఏపీతో గానీ కలిపి వేస్తే నత్రజని అమ్మోనియా వాయువుగా ఎగిరిపోతుంది. పీహెచ్ 6.5 చేరితే ఆపెయ్యాలి. అంతకు మించితే జింకు, బోరాన్ అందక కొత్త తంటా మొదలవుతుంది.

జిప్సం వేస్తే పులుపు తగ్గుతుందని చాలామంది నమ్ముతున్నారు. తగ్గదు. వేరుశనగకు జిప్సం వేసేది కాల్షియం అందించడానికి. ఆకులో ఉన్న కాల్షియం కిందికి దిగి కాయకు చేరదు, ఊడలు (పూత నుంచి మట్టిలోకి దిగే కాడలు), కాయలు మట్టి నుంచే నేరుగా తీసుకుంటాయి. అందుకే పూత దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం మొక్క మొదట్లో వేసి మట్టి ఎగదోయాలి.

దమ్ము చేసి నీరు నిలిపే వరి మళ్లకు ఈ సున్నం అక్కర్లేదు. నీరు నిలిచిన కొన్ని వారాలకు పులుపు దానంతట అదే తగ్గుతుంది. అక్కడ బెడద ఇంకొకటి. కొండ వాలు నుంచి ఊరే నీటితో ఇనుము దిగి, నీటి మీద తుప్పు రంగు తెట్టు కడుతుంది, అడుగాకులు కొస నుంచి గోధుమ చుక్కలు పడి కంచు రంగుకు మారతాయి. దీన్ని తెగులు అనుకుని మందు కొట్టకండి. నీరు తీసేసి సన్నని నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టండి, పొటాష్ తగ్గకుండా చూడండి.

ఇక ప్రభుత్వానికి చెప్పాల్సింది. 2015లో మొదలైన భూసార కార్డు పథకంలో వర్షాధార భూమికి 10 హెక్టార్లకు ఒక నమూనా తీస్తారు. అంటే పాతిక ఎకరాలకు ఒకటి. మన కొండవాలుల్లో ఆ పాతిక ఎకరాల్లోనే పైన గరువు, కింద పల్లపు మడి రెండూ ఉంటాయి. ఒకే అంకె రెండింటికీ ఎలా పనికొస్తుంది? గరువుకు, పల్లానికి నమూనాలు విడిగా తియ్యాలి. రైతులు కూడా గట్లు, చెట్ల నీడ, గెత్తం (పశువుల ఎరువు) కుప్పలు వదిలి, పది చోట్ల ఆరు అంగుళాల లోతున వి ఆకారంలో తవ్వి, ఆ మట్టి కలిపి అరకిలో నీడన ఆరబెట్టి ఇవ్వాలి. ఎరువు సంచిలో మాత్రం కట్టి ఇవ్వకూడదు.

లాంప్స్ సొసైటీల్లో (గిరిజన ప్రాంత సహకార సంఘాల్లో) యూరియా పక్కనే సున్నపు పొడి కూడా మే నెలాఖరుకల్లా ఉంచాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాం. వానలు పడ్డాక వస్తే ఆ ఏటికి పనికిరాదు.

— గుణుపురం ప్రాంత రైతులు, వ్యవసాయ పట్టభద్రులు
రాయగడ జిల్లా, ఒడిశా